గాడితాడు

బియ్యం కోసం డ్రమ్ములో చెయ్యి పెట్టిన నయోమికి తాడు తగిలింది.

ఇంకో ఆడదైతే పామనుకుని కేక పెట్టేది. నయోమి కొస పట్టుకుని లాగింది. గింజలు రాల్చుకుంటూ రెండు బారల నల్లటి పీచుతాడు బయటికొచ్చింది. జీడినూనె తాగి తాగి తోలులా బిగుసుకుపోయిన తాడు. దాని మీద రెండు ముడులు.

నయోమి తమ్ముడు ఫిన్నీ అడిగిన ఆ తాడు కోసం మూడు వారాలుగా ఆ ఇంట్లో వెతకని చోటు లేదు. అటకెక్కారు. గుడ్ల మీద కూర్చున్న కోడిని లేపి గంప దులిపారు. బాగుచెయ్యమని పాస్టరుగారు పంపిన హార్మోనియం పొట్ట కూడా విప్పి చూశారు. అందరికంటే ఎక్కువ వెతికినవాడు ఇంటి యజమాని లూకా. హార్మోనియం విప్పమన్నదీ ఆయనే.

ఆ లూకా ఇప్పుడు వసారాలో కూర్చుని ఎండుచేప నంజుకుంటూ చద్దన్నం తింటున్నాడు.

"మేస్త్రీ!" అంది నయోమి వెనకనుంచి.

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఇరవయ్యారేళ్ళ కాపురంలో లూకా నేర్చుకున్న పాఠం ఒకటుంది. పెళ్ళాం "ఇదిగో" అంటే అన్నం ఉడికిందని. "ఇనిపించిందా" అంటే చుట్టాలొచ్చారని. "మేస్త్రీ" అంటే బారువ రేవులో తుఫాను జెండా ఎగిరిందని.

"బియ్యానికి పురుగు పట్టకుండా ఏటేసినావు?"

"ఏపాకు ఏసినావు గదా నువ్వు."

"ఏపాకు నానేసినాను. తాడెవులేసినారు?"

లూకా వెనక్కి తిరగలేదు. ఎండుచేప ముల్లు తియ్యడంలో పడ్డాడు. అంత శ్రద్ధగా ముల్లు తీసినవాడు ఆ వీధిలో అంతకు ముందు లేడు.

"ఎలకలు లాక్కెల్లుంటాయి" అన్నాడు చివరికి.

"మూత తీసి, తాడెట్టి, మల్లీ మూతెట్టిన ఎలకలా? ఆటిని పిలు ఓపాలి. షెడ్డులో పనికెట్టుకుందాం. నీ కంటే బుద్ధిగా పని సేస్తాయి."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. నయోమి తాడుని ఆ కంచం పక్కనే పెట్టి ఎదురుగా చతికిలబడింది.

"ఫిన్నీ నిన్నడిగినాడా, నేదా?"

"అడిగినాడు."

"నువ్వేటన్నావు?"

"పోనాదన్నాను."

పెరట్లో కోడి, మూడు వారాల కిందటి కోపం ఇంకా తీరనట్టు, అరుస్తూనే ఉంది.

ఆ తాడు సంగతి కాశీబుగ్గలో తెలియనివాళ్ళు లేరు. ఉద్దానం ఇసుకలో బండి నడవాలంటే ఎద్దుల బలం చాలదు. ముందు వెళ్ళిన బళ్ళు కోసిన గాళ్ళు రెండుంటాయి. రెండు చక్రాలూ ఆ రెండు గాళ్ళలో పడాలి. పడితే వెన్నలో కత్తి దిగినట్టు బండి పోతుంది. జానెడు తేడా వస్తే ఇరుసు దాకా కూరుకుంటుంది. ఆ రెండు గాళ్ళకీ మధ్య దూరమే తాడు మీద రెండు ముడులకీ మధ్య దూరం. లూకా తండ్రి కట్టిన ముడులవి. ఆ గాడితాడు కొలతతో తండ్రీ కొడుకులు కట్టిన బళ్ళు వజ్రపుకొత్తూరు ఇసుకలో తిరగని ఊరు లేదు.

లూకాకి మాత్రం బళ్ళతో తృప్తి లేదు. ఆయన్ని జర్మనీ లూకా అంటారు. జర్మనీ ఆయన చూడలేదు. విశాఖపట్నమే రెండుసార్లు చూశాడు, అందులో రెండోసారి రైల్లో నిద్రపోయి. ఎప్పుడో ఇంజన్ల బేరానికొచ్చిన ఒకాయన చెప్పిన కథ తలకెక్కింది. ఆ దేశంలో గుర్రబ్బళ్ళకి పెట్టెలు కట్టే వడ్రంగి ఒకడుండేవాడట. ఒకనాడు గుర్రాలన్నీ అలిగి గడ్డి మానేశాయట. "మీరు లేకపోతే నా బండి నడవదా?" అని పంతం పట్టి ఆ వడ్రంగి తన పెట్టెకి ఇంజను తగిలించాడట. అదే కారయిందట. కార్ఖానా అయిందట. అతను చచ్చిపోయిన రోజున గుర్రాలు కూడా వచ్చి ఏడ్చాయట. గుర్రాలేడ్చే భాగం లూకా సొంతంగా కలిపాడు.

జట్కాలకి గూళ్ళు కట్టి, నాటుబళ్ళకి ఇరుసులు బిగించి, ఆపైన ఏళ్ళ తరబడి లారీలకి పెట్టెలు కట్టిన చేతులు తనవి. ఇసుకలో నడిచే కారు తనెందుకు కట్టకూడదు? అలా మొదలైంది బండి. గుగ్గిలం చెక్కతో పెట్టె లూకా కట్టాడు. కింద ఇనప చట్రం, పాత జీపు ఇంజను, వెల్డింగు, చక్రాల కొలత, అన్నీ బావమరిది ఫిన్నీ చూసుకున్నాడు.

జర్మనీ వాడి కథలో బావమరిది లేడు. లూకాకి వచ్చిన చిక్కంతా అక్కడే.

"ఎందుకు దాసినావు?" అని నయోమి మళ్ళీ అడిగింది. ఈసారి గొంతు తగ్గించి.

"నెల కిందట సోంపేట నుంచి ఒకడొచ్చినాడు. షెడ్డు ముందర నానే నిలబడున్నాను. నన్నే అడిగినాడు. ఫిన్నీ కార్ఖానా ఇదేనేటి అని."

"అయితే?"

"ఓనరుగారున్నారా అని కూడా అడిగినాడు."

"నువ్వేటన్నావు?"

"నేరన్నాను."

నయోమికి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టని ఆపుకుంది. "ఆడు ఎనిమిదేళ్ళప్పుడు నా కొంగట్టుకొని ఈ ఇంటికొచ్చినాడు. ఉలి ఎలాగట్టుకోవాలో నువ్వే నేర్పినావు. ఈ పొద్దు ఆడి మీద కుళ్ళా?"

"ఎండుసేప తల ఎవులికేస్తావు నువ్వు?"

"ఏటీ?"

"ఇరవయ్యారేళ్ళ నుంచి తల ఆడికే. నాకు తోక."

"ఓలమ్మ ఓలమ్మ! సేప తలకి బండి కూల్చీసే మొగుణ్ణి నానే సూసినాను!"

అప్పుడు లూకా నోరు జారాడు. "నాను కూల్చలేదే. ఆడే తప్పు కొలత ఏసుకున్నాడు. పదిరోజుల కిందట ఎవులూ లేనప్పుడు తాడెట్టి సూసినాను. సక్రాలు ముడులకంటే జానెడు ఎడంగా ఉన్నాయి."

నయోమి ముఖంలో నవ్వు పోయింది.

"పదిరోజుల నుంచి తెలుసా నీకు? ఈ పొద్దు ఇసకలో దింపుతాడని తెలుసా? రత్నాలమ్మా, ఆ సేపలోళ్ళూ అందరూ సూడ్డానికొస్తారని తెలుసా?"

లూకా కంచం అవతలికి జరిపాడు. వజ్రపుకొత్తూరు వైపు చేపలమ్మే ఆడవాళ్ళకి రత్నాలమ్మ పెద్ద. తీరం నుంచి పూండి స్టేషను దాకా గంపలు నెత్తిన మోసి మోసి వాళ్ళ మెడలు అరిగిపోయాయి. ఈ రోజు బండి ఇసుక దాటితే ఆరు బళ్ళు కట్టించుకుంటామంది. దాటకపోతే షెడ్డు మళ్ళీ పాత పనికి పోతుంది. లారీల పని ఎప్పుడో విశాఖపట్నం కంపెనీలకి పోయింది. చర్చి బల్లలూ, శవపెట్టెలే మిగిలాయి.

నయోమి తాడు చుట్ట చుట్టి గుడ్డసంచిలో వేసింది.

"పాసింజరు ఇంకా రానేదు. బేగి ఎల్లు. సక్రం ఇసక ముట్టుకోకముందే ఆడి సేతిలో ఇదెట్టు. ఆడు బండి ఆపీసి నాల్రోజులు గడువడుగుతాడు. ఇరుసు మార్సుకుంటాడు."

"దొరికిందని సెప్తాను."

"దాసినానని సెప్తావు."

"నయోమీ…"

"వచ్చే ఆదివారం ప్రభువు బల్ల. కడుపులో ఇదెట్టుకొని ప్రభువు రొట్టె మీదకి నీ సెయ్యెల్లిందంటే నాను లేసి నిలబడతాను. సంగం అంతా సూస్తుండగా. ఈ తాడట్టుకొని."

లూకా చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటబోతుంటే ఆమె ఇంకో పొట్లం తెచ్చి సంచి పైజేబులో పెట్టింది. "ఉడకబెట్టిన గుడ్లు. ఫిన్నీ పొద్దున్నేటీ తినకండా ఎల్లిపోనాడు."

"రెండూ ఆడికేనా?" అని అడగకుండా ఉండలేకపోయాడు.

*

పాసింజరు రైల్లో చోటు దొరికింది గానీ, దొరికిన చోటు బంగారయ్య పక్కన. జీడిపప్పు బేరాలు చేసే బంగారయ్య నోటికి తాళం వేసే కమ్మరి పలాసలో ఇంకా పుట్టలేదు.

"ఏటి మేస్త్రీ! నువ్వూ ఫిన్నీ బండి సూడ్డానికేనేటి?"

"అది నా బండి."

"అదే అదే. మీ ఫిన్నీ బండి. నానూ అటే ఎల్తన్నాను. బజారంతా దాని మాటే. ఆ బుర్రే బుర్రంట! ఎవులు నేర్పినారో గానీ."

"నానే నేర్పినాను."

"నువ్వు నేర్పింది సెక్కపని గదా! నాను ఇనుప పని మాటాడతన్నాను." బంగారయ్య అంతటితో జాలిపడ్డాడు. "నీ పనీ బాగుంటదిలే. మా పక్కింటి దానియేలు తాత పెట్టె నువ్వే సేసినావు గదా. ఎంత గట్టి పెట్టె! అందులో పడుకున్నాడు, ఈ పొద్దు దాకా ఒక్క కంప్లయింటు నేదు."

చుట్టుపక్కల వాళ్ళు ఘొల్లున నవ్వారు. లూకా కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

ఒళ్ళో సంచి వేడిగా తగిలింది. గుడ్ల వేడి అని తెలుసు. కానీ తాడే కాలుతున్నట్టనిపించింది. కాశీబుగ్గలో బయల్దేరినప్పుడు ఫిన్నీకి ఏం చెప్పాలో మాటలు పేర్చుకున్నాడు. "ఒరే, తప్పు నాదిరా" అని మొదలు. పూండి వచ్చేసరికి ఆ మాటలు ఒక్కొక్కటీ రైలు కిటికీలోంచి జారిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది. కూరుకుంటే కూరుకోనీ. ఒక్కసారి. అప్పుడైనా లూకా ఎవరో తెలుస్తుంది.

ఆ మాటకి ఆయనే ఉలిక్కిపడ్డాడు. అయినా దాన్ని బయటికి తోసెయ్యలేదు.

*

తారురోడ్డు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట జనం మూగి ఉన్నారు. కొబ్బరితోట నీడలో బండి నిలబడి ఉంది. గుగ్గిలం చెక్క మీద వేసిన నూనె మెరుగు ఎండకి తేనెలా మెరుస్తోంది. ఆ మెరుగు లూకాదే. రెండు రాత్రులు రుద్దాడు. పెట్టెలో చేపల గంపలు ఎక్కించి ఉన్నాయి. ఉత్త బండి నడిస్తే నడిచినట్టు కాదని రత్నాలమ్మ పట్టుబట్టి నిండు గంపలు పెట్టించింది.

ఫిన్నీ చక్రం దగ్గర వంగి ఉన్నవాడు తలెత్తి చూశాడు. ముఖం వెలిగింది.

"బావా! వచ్చినావేటి! ఒంట్లో బాగునేదన్నావని అప్ప సెప్పింది."

లూకా చెయ్యి సంచిలోకి వెళ్ళింది. వేళ్ళకి ముడి తగిలింది. గరుకుగా, గట్టిగా, తండ్రి పిడికిలి లాగ. "ఒరే ఫిన్నీ…" అన్నాడు.

"ఎండలో నిలబడకు బావా. ముసలోడివి. అలాగ గట్టు మీద నీడన కూకో. అంతా నాను సూసుకుంటాను గదా."

వాడు ప్రేమగానే అన్నాడు. చెయ్యి పట్టి నడిపించి, తన తువ్వాలు పరిచి మరీ కూర్చోబెట్టాడు. తిట్టి ఉంటే లూకా తాడు తీసి ముఖాన కొట్టేవాడేమో, తెలియదు. తువ్వాలు పరిచేసరికి నోరు పడిపోయింది.

సంచిలోంచి చెయ్యి తీశాడు. ఖాళీగా. ముడి పట్టు జారింది గానీ, తాడు కొస మాత్రం సంచి అంచు దాకా వచ్చి ఆగింది.

ఇంజను మొదలైంది.

ముందు చక్రాలు ఇసుక అంచు తాకాయి. లూకా కళ్ళు మూసుకున్నాడు. చెవులు మూసుకోవడం మరిచిపోయాడు. ఇసుకలో కూరుకునే చక్రం ఎలా ఏడుస్తుందో ఆయనకి తెలుసు. ఆ ఏడుపు కోసం ఎదురుచూశాడు. ప్రార్థించాడు కూడా. కూరుకోవాలనా, కూరుకోకూడదనా అని ప్రభువు నిలదీసి ఉంటే చెప్పలేకపోయేవాడు.

ఏడుపు రాలేదు. ఆడవాళ్ళ కేకలొచ్చాయి.

కళ్ళు తెరిచాడు. సొరుగు తన గాడిలోకి జారినట్టు, నాలుగు చక్రాలూ రెండు గాళ్ళలో జారి, బండి సరుగుడు తోపు వైపు పోతోంది. వెనక పిల్లా మేకా పరుగు. తోపు దగ్గర మలుపు తిరిగి అదే వేగంతో తిరిగొచ్చింది. ఒక్క గంప ఒరగలేదు.

లూకా గట్టు దిగి వచ్చి గాడి పక్కన వంగి చూశాడు. అప్పుడు కనిపించింది. ఇసుకలో పాతకాలం కర్రచక్రాల ఇనప పట్టా కోసిన పదునైన అంచు లేదు. వెడల్పుగా, మెత్తగా, పూలపూల ముద్రలు. టైర్ల ముద్రలు.

తను నాటుబళ్ళు కట్టడం మానేసి పదిహేనేళ్ళు. ఆ పదిహేనేళ్ళలో ఉద్దానమంతా టైరుబళ్ళు వచ్చేశాయి. ఇరుసు పొడుగైంది. గాడి జానెడు పక్కకి జరిగింది. రోజూ రోడ్డు మీద చూస్తూనే ఉన్నాడు టైరుబళ్ళని. కిందకి మాత్రం చూడలేదు.

మూడు వారాలు బియ్యంలో పూడ్చి, ఎవరికీ దక్కనివ్వకుండా కాపాడిన నిధి, చెల్లని నాణెం.

"ఎవులు తీసినారీ కొలత?" రత్నాలమ్మ గొంతు జనాన్ని చీల్చుకుంటూ వచ్చింది. సముద్రం హోరుతో పోటీపడి పెరిగిన గొంతది. "ఓరి ఫిన్నీ, నిన్నే. లూకా నాయన కట్టిన బండినే మా మావ ముప్పయ్యేళ్ళు తోలినాడు. ఆ తాడు కొలతయితేనే నమ్ముతానని ముందే సెప్పినాను. నీ సొంత కొలతయితే ఈ పొద్దు నడిసినా రేపు నడుస్తాదని ఏటి నమ్మకం?"

ఫిన్నీ ఒక్క క్షణం తటపటాయించాడు. లూకా వైపు చూశాడు.

"తాడు కొలతే పెద్దమ్మా. మా బావ తాడే."

లూకాకి అర్థమైంది. వీడు అబద్ధమాడుతున్నాడు. తన కోసం.

"అయితే తాడు సూపించు."

"అదీ… ఈ మజ్జిన కనిపించడం నేదు…"

"మరి మేస్త్రీ సంచిలోంచి నల్లగా ఏలాడతన్నదేటి? సేపకి తోకేటి?"

అందరూ చూశారు. సంచి అంచు మీదుగా తాడు కొస వేలాడుతోంది.

"దొరికిందేటి బావా!" ఫిన్నీ పసివాడిలా ఎగిరి గంతేశాడు. "సెప్పవేటి మరి! ఎక్కడ దొరికింది?"

లూకా సంచి మూతి బిగించబోయాడు. రత్నాలమ్మ తాడు లాక్కుని ఒక ముడి ఎడమ చక్రం మధ్యన ఆనించింది. ఇంకో ముడి పట్టుకుని బంగారయ్య కుడివైపు లాగాడు. ముడి చక్రం దాకా రాలేదు. జానెడు ఇవతలే ఆగిపోయింది.

ఫిన్నీ తల దించుకున్నాడు.

"తాడు అబద్ధమా? బండి అబద్ధమా?" అంది రత్నాలమ్మ మెల్లగా. "మేస్త్రీ, నువ్వు సెప్పు. నీ మాటే ఆకరు మాట."

లూకా ముందు రెండు దారులున్నాయి. బండి తప్పు అంటే చాలు. తండ్రి తాడుని కాదని వెల్డింగు కుర్రాడిని నమ్మే మనిషి ఆ ఇసుక మీద లేడు. ఫిన్నీ కార్ఖానా ఈ గడియలోనే మూతపడుతుంది. మళ్ళీ అది లూకా షెడ్డవుతుంది. మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది కూడా. దాని రుచి తీపిగానే ఉంది.

గట్టు మీద తువ్వాలు ఇంకా పరిచి ఉంది. ఫిన్నీది. ఇసుక అంటుకుని.

"తాడే తప్పు" అన్నాడు లూకా. "అది ఇనప పట్టా సక్రాల నాటిది. ఇప్పుడు గాడి మారిపోనాది. నాను సూసుకోనేదు. ఈడు సూసినాడు. కొలతంటే ఈడిదే కొలత."

ఫిన్నీ తలెత్తాడు. ఆ కళ్ళలో నీళ్ళు చూసి లూకా చూపు తిప్పుకున్నాడు.

"అలాగయితే ముడి జరుపు" అంది రత్నాలమ్మ. "మీ నాయన ముడి నువ్వే విప్పాల. కొత్త కొలతకి నీ సేత్తోనే కట్టాల. అప్పుడు ఆరు బళ్ళూ ఆ ముడికే కట్టండి."

లూకా ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరవయ్యేళ్ళనాటి ముడి గోళ్ళకి లొంగలేదు. పళ్ళతో పట్టి లాగాడు. జీడినూనె చేదు నాలుకకి తగిలింది. ముడి వదులైంది. ఫిన్నీ పక్కన కూర్చుని తాడు కింద దోసిలి పట్టాడు, లూకా తండ్రి ముడి నేల మీద పడకూడదన్నట్టు.

ముడి విడిపోయింది.

ముడి మడతలో ఇరుక్కున్న రెండు తెల్లటి గింజలు ఫిన్నీ దోసిట్లో పడ్డాయి. వాటితో పాటు ఎండిన వేపాకు ముక్క ఒకటి.

వాడు వాటిని చాలాసేపు చూశాడు. ఎనిమిదో ఏట నుంచి వాడు తిన్న అన్నం ఆ డ్రమ్ములోదే. వేపాకు వేసే చెయ్యి ఎవరిదో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

దోసిలి అలాగే పట్టుకుని, తల ఎత్తకుండా అడిగాడు.

"బావా… ముడిలో బియ్యం గింజలేటి?"